ప్రార్థన గొలుసు

1985 మే నెలలో ఒక ఆదివారం. సాయంత్రం ఏడు గంటలైనా ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఎండ వేడి తగ్గలేదు. దేవకుమారి మాత్రం పొయ్యిమీది పప్పు సంగతి కూడా మరచిపోయి టీవీ ముందు కూర్చుంది. టీవీ కోసమే తీసిన సినిమా అది. చెయ్యి చేసుకునే మొగుణ్ణి తప్పించుకుని ఒక తల్లి కూతురితో ఊరూరూ పారిపోతోంది. జుట్టు రంగు మార్చింది, పేరు మార్చింది. అయినా రెండో రోజుకల్లా అతని కారు వీధి చివర కనబడుతోంది. ఎవరు చెబుతున్నారు? దేవకుమారి ఊపిరి బిగబట్టి చూస్తోంది.

పెట్రోల్ బంకులో పనిచేసే ఆవిడే చెప్పిందని తేలేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“చూశారా, దీని నోట్లో నువ్వుగింజ నానదు! ఆ పసిదాని మొహం చూసైనా ఊరుకోవద్దూ?”

“సినిమానే కదా, నీ బీపీ ఎందుకు పెంచుకుంటావ్?” అన్నాడు భర్త సుందర్ రాజ్.

దేవకుమారి చెడ్డ మనిషని అనుకోకండి. పన్నెండేళ్లుగా ఆసుపత్రిలో నర్సు. ఎవరింట్లో జ్వరమన్నా చారు క్యారియర్‌తో హాజరవుతుంది. కాకపోతే ఎదుటివాళ్ల సంగతి ఆసాంతం తెలిసేదాకా ఆమెకు అన్నం సయించదు.

ఆ మధ్య వాళ్ల తెలుగు క్రైస్తవ సంఘానికి లూసీ అనే యువతి ఎనిమిదేళ్ల కూతురు దెబోరాను వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టింది. వెనక వరసలో కూర్చునేది. ఫోటో అంటే తప్పుకునేది. భోజనాలకు ముందే వెళ్లిపోయేది. ఇంతకన్నా ఏం కావాలి దేవకుమారికి? మూడు వారాలు కూపీ లాగింది. నాలుగో వారం లూసీ కన్నీళ్లతో చెప్పేసింది. భర్త ఆమోసు హ్యూస్టన్‌లో ఇంజనీరు. సంఘంలో చక్కగా పాటలు పాడతాడు, ఇంటికొచ్చి బెల్టు తీస్తాడు. దెబ్బ పిల్ల మీద పడ్డ రోజున బస్సెక్కి వచ్చేసింది. పక్క ఊరు మేసాలో ఒక లాండ్రీలో పనిచేస్తూ దాని వెనక గదిలోనే ఉంటోంది.

“ఎవరికీ చెప్పొద్దక్కా,” అంది.

దేవకుమారి ఎవరికీ చెప్పలేదు. ప్రార్థన గొలుసులో పెట్టింది, అంతే.

ఆ గొలుసు పద్ధతేమిటంటే, ఒకరి కష్టాన్ని ఒకరు ఫోన్ చేసి ఇంకొకరికి చెబుతారు, వాళ్లు మరొకరికి చెబుతారు. ఎంత వివరంగా చెబితే అంత భారంతో ప్రార్థిస్తారని వాళ్ల నమ్మకం. అందుకని దేవకుమారి ఊరు, లాండ్రీ, వెనక గది, ఏదీ వదలకుండా చెప్పింది. చాండ్లర్‌లో మొదలైన గొలుసు ఫీనిక్స్, షికాగోల మీదుగా ఎక్కడిదాకా వెళ్లిందో ఆమె ఆలోచించలేదు.

సినిమా మధ్యలో ప్రకటనలు వస్తుండగా ఫోన్ మోగింది.

“వందనాలండి సిస్టర్. హ్యూస్టన్ నుంచి ఆమోసుని. మా లూసీ కోసం ప్రేయర్ పెట్టారట, చాలా థ్యాంక్సండి. మేసాలో లాండ్రీ అన్నారు. దాని పేరు ఎవరికీ గుర్తులేదట, అదొక్కటి చెబితే టికెట్ బుక్ చేసుకుని వచ్చేస్తా. పాప లేక ఇల్లు బోసిపోయిందండి.”

ఎంత మెత్తని గొంతు! దేవకుమారి “నాకు తెలీదండి,” అని ఫోన్ పెట్టేసింది. టీవీలో తల్లీకూతుళ్లు మళ్లీ పరుగందుకున్నారు. బంకు ఆవిణ్ణి అంతలేసి మాటలన్న నోరు తనదే. సిగ్గుతో ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

“ఏమండీ, కార్ తియ్యండి,” అంది.

లాండ్రీ వెనక గదిలో అంతా విన్న లూసీ మంచం కిందినుంచి సంచి లాగింది. తిట్టినా బాగుండేదనిపించింది దేవకుమారికి. బట్టలు సంచిలోకి చేరుతుంటే దెబోరా పుస్తకం పట్టుకుని వచ్చింది.

“ఆంటీ, ట్యూస్‌డే నాకు స్పెల్లింగ్ టెస్ట్ ఉంది. మళ్లీ వెళ్లాలా?”

దేవకుమారి ఆసుపత్రిలో తనకు తెలిసిన సోషల్ వర్కర్‌కి ఫోన్ చేసింది. ఇలాంటి ఆడవాళ్లను దాచి కాపాడే ఇళ్లు ఉన్నాయని ఆమె ద్వారానే విని ఉంది. గంటలో ఆమె వచ్చి తల్లీబిడ్డలను తన కారులో ఎక్కించుకుంది. ‘ఎక్కడికి?’ అన్న మాట దేవకుమారి నాలుక చివరిదాకా వచ్చింది. జన్మలో మొదటిసారి దాన్ని మింగేసింది.

మంగళవారం ఆమోసు మేసాలో ఒక్కొక్క లాండ్రీ తిరిగాడు. చివరికి ఆ ఖాళీ గది కనిపెట్టి, తలుపు తన్ని వెళ్లాడు.

తర్వాతి ఆదివారం ఆరాధనలో, తమ అనుభవాలు పంచుకుంటూ సాక్ష్యాలు చెప్పే సమయంలో దేవకుమారి లేచి నిలబడింది. జరిగిందంతా దాచకుండా చెప్పింది.

“పాటలు బాగా పాడతాడని అక్కడివాళ్లు ఆయన్ని భక్తిపరుడన్నారు. ఇల్లు విడిచొచ్చిందని మనం లూసీని అనుమానంగా చూశాం. దెబ్బలు తిన్న ఆడది దాక్కోవాల్సి వస్తే అది ఆమెకి సిగ్గు కాదు, మనకి. ఆమె దాక్కున్న చోటుని నేను ప్రార్థన పేరు చెప్పి ఊరంతా చాటాను.”

సంఘంలో పెద్దావిడ సుమతి కళ్లు తుడుచుకుంది.

“పోనీలేమ్మా. ఇప్పుడెక్కడున్నారు వాళ్లు? చెప్పు, భారంగా ప్రార్థన చేద్దాం.”

“తెలీదక్కా. నేను అడగలేదు. వాళ్లెక్కడున్నారో దేవుడికి తెలుసు. మనకి తెలియకపోవడమే వాళ్లకి రక్ష.”