శనివారం బ్యాచ్

ఫోను మోగినప్పుడు హలీనా ఆలూ కూరిన పిరోగీల అంచులు నొక్కుతోంది. పిండి చేతులతోనే తీసి చూసింది. కోచింగ్ సెంటర్ నుంచి మెసేజ్. మీరు కోరినట్టే మీ సీటును జూన్ బ్యాచ్ నుంచి సెప్టెంబర్ బ్యాచ్‌కి మార్చాం, ధన్యవాదాలు అని.

హలీనా ఏమీ కోరలేదు. ఆమె మెడికల్ ఎంట్రన్స్ ఆగస్టు చివర్లో. పరీక్ష అయిపోయాక కోచింగ్‌కి వెళ్ళి గోళ్ళు గిల్లుకోవాలా? వెంటనే ఫోన్ చేసింది.

"ఖాతా ఎవరి పేరు మీద ఉందో ఆయనే మార్చారండీ. డాక్టర్ కాన్రాడ్ గుర్స్కీ" అంది అవతలి అమ్మాయి.

కాన్రాడ్ ఆమె సొంత అన్న. క్రిస్మస్ రోజు అందరి ముందూ చెల్లెల్ని కావలించుకుని మరీ ఆ కోచింగ్‌ని కానుకగా ఇచ్చిన మహానుభావుడు. సీటు మాత్రం తన పేరుతో తీసుకున్నాడు. ఆ సంగతి అప్పుడెవరికీ పట్టలేదు.

"నా జూన్ సీటు నాకిచ్చెయ్యండి."

"అది వేరేవాళ్ళకి వెళ్ళిపోయిందండీ. ఆన్‌లైన్ బ్యాచ్‌లో ఒకటుంది. ఆ క్లాసులూ శనివారాలే, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా. ఇంట్లో కూర్చునే వినొచ్చు, కానీ మానకూడదు. దానికైనా ఖాతాదారు ఒప్పుకోవాలి. సోమవారంలోపు."

హలీనా ఫోను పెట్టేసి, చేతిలో ఉన్న పిరోగీని ఎంత గట్టిగా నొక్కిందంటే లోపలి ఆలూ అంతా బయటికొచ్చింది.

అమెరికాలోని బఫెలో ఊళ్ళో గుర్స్కీల పిరోగీ కొట్టు కింద, వాళ్ళ ఇల్లు పైన. పన్నెండేళ్ళ కిందట కాన్రాడ్ ఇదే పరీక్షకి చదివిన ఎండాకాలంలో ఆ ఇంట్లో ఈగ వాలినా తప్పే. కొట్టు తలుపుకి ఉన్న ఇత్తడి గంట మోగితే అబ్బాయి ధ్యాస చెదురుతుందని అమ్మ దాన్ని ఊడదీసేసింది. నాన్న బేస్‌బాల్‌ని శబ్దం లేకుండా చూసేవాడు, దగ్గొస్తే వీధిలోకి పోయేవాడు. శనివారాలు కొట్లో పని కాన్రాడ్ వంతు. దాన్ని పదిహేనేళ్ళ హలీనా నెత్తిన పెట్టారు. ఆమె ఈత జట్టులో ఉండేది, అదీ శనివారమే. నీకిది ఇష్టమేనా అని ఒక్కరూ అడగలేదు. పరీక్ష అయింది, గంట మళ్ళీ తలుపెక్కింది, అన్న డాక్టరయ్యాడు. హలీనా శనివారాలు మాత్రం ఆమెకి తిరిగి రాలేదు. ఇప్పటికీ వారంలో ఐదు రోజులు ఆంబులెన్స్‌లో, శనివారం ఈ పిండిలో. జూన్ నుంచి శనివారాలు రానని అమ్మకి మార్చిలోనే చెప్పింది. చూద్దాంలే అంది అమ్మ.

ఆదివారం భోజనానికి కాన్రాడ్ వచ్చాడు. ఒక చేతిలో ఏడు నెలల కొడుకు ఆస్కార్ పడుకున్న బుట్ట, ముక్కు మీద ఎండకి కమిలిన ఎరుపు. భార్య ఆలిసన్‌కి ఆసుపత్రి మందుల విభాగంలో డ్యూటీ ఉంది. బుట్టని సోఫాలో పెట్టి బల్ల ముందు కూర్చున్నాడు.

"నా బ్యాచ్ ఎందుకు మార్చావ్?" అంది హలీనా.

అతను సాసేజ్ కోసుకుంటూ తల ఎత్తలేదు. "అదా. చెప్దామనే అనుకున్నా. జూన్ నుంచి ఆలిసన్‌కి శనివారాలు డ్యూటీ. వీణ్ణి ముక్కూ మొహం తెలీని వాళ్ళ చేతుల్లో ఎలా పెడతాం చెప్పు. నువ్వైతే వాడికి అలవాటు. ఈ ఎండాకాలం ఒక్కటీ చూసుకున్నావనుకో, తర్వాత హాయిగా చదువుకోవచ్చు. ఎంట్రన్స్ వచ్చే ఏడు రాద్దువుగాని. అదెక్కడికి పోతుంది."

"శనివారం నీ క్లినిక్‌కి తాళమేగా. నీ కొడుకుని నువ్వు చూసుకోలేవా?"

"శనివారం పడవ పందేలు కదా. వారమంతా జనాల మొటిమలు చూసి చూసి చచ్చిపోతున్నా. ఒక్కరోజైనా ఊపిరి పీల్చుకోవద్దా?"

హలీనాకి అరికాలి మంట నెత్తికెక్కింది. నుజ్జయిన కార్లలోంచి మనుషుల్ని లాగి తెచ్చేది ఆమె. ఊపిరి కావాల్సింది మాత్రం మొటిమల డాక్టరు గారికి. దొరగారు సరస్సులో తెరచాప ఎత్తుకుని తిరిగితే, ఈవిడ ఒడ్డున డైపర్లు మార్చాలి.

"అరుస్తావేంటే, సొంత మేనల్లుడేగా" అంది అమ్మ, హలీనా ఇంకా అరవకముందే. "వాడు మంచికే చేశాడు."

"నీకు ముందే తెలుసా?"

అమ్మ క్యాబేజీ గిన్నె ఇటు జరిపింది. అంటే తెలుసు.

"నా పరీక్ష ఏ రోజో చెప్పమ్మా."

"ఆగస్టులో కదూ."

"ఆగస్టులో ఏ రోజు?"

అమ్మ గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. హలీనా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. పన్నెండేళ్ళుగా మింగిన కోపం పైకొచ్చింది. "వీడి పరీక్ష రోజు నీకిప్పటికీ గుర్తే. చర్చిలో కొవ్వొత్తి వెలిగించావు. గంట ఊడదీశావు. నాన్న చేత వీధిలో దగ్గించావు. నాకోసం ఈ ఇంట్లో ఎవరు ఏం ఊడదీశారు?"

"మెల్లగా. వాడు లేస్తాడు" అన్నాడు కాన్రాడ్.

"లేవనీ. నువ్వెత్తుకో."

అతను ఫోర్క్ కింద పెట్టాడు. "సరే, నిజమే చెప్తా విను. నీకు ఇరవయ్యేడు. ఆంబులెన్స్ పని బ్రహ్మాండంగా చేస్తావ్. అందరూ డాక్టర్లు కావాలని రూలేం లేదు హలీనా. ఆ పరీక్ష ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీవల్ల కాదు. ఆ మాట చెప్పి నీ మనసు నొప్పించడం ఎందుకని ఊరుకున్నా."

వడ్డిస్తున్న అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. బ్యాచ్ మార్చడం ఆమెకి తెలుసు. ఈ మాట తెలియదు.

హలీనా ఫోను తీసి అతని పళ్ళెం పక్కన పెట్టింది. "నీ ఖాతాలోకి వెళ్ళి, ఆన్‌లైన్ బ్యాచ్‌కి ఒప్పుకుంటున్నానని నొక్కు. నొక్కలేదనుకో, వచ్చే శనివారం నీ కొడుకుని పడవల దగ్గరికే తెచ్చి, నీ స్నేహితులందరి ముందూ నీ చేతిలో పెడతా. ఇంకోటి. ఇక శనివారాలు నేను కొట్లోకి దిగను. అమ్మకి మనిషి కావాలి కదా, నువ్వు రా. అవి నీ శనివారాలే. ఇన్నాళ్ళూ నీ బదులు నేను చేశానంతే."

కాన్రాడ్ అలవాటుగా అమ్మ వైపు చూశాడు. ఎప్పుడు చూసినా అక్కడ అతనికి ఆసరా దొరికేది.

"నొక్కరా" అంది అమ్మ.

నొక్కాడు. పేస్ట్రీ తినకుండానే బుట్ట తీసుకుని వెళ్ళిపోయాడు.

జూన్ మొదటి శనివారం పొద్దున కాఫీ కోసం హలీనా కిందికి దిగింది. అమ్మ స్టూలెక్కి, స్క్రూడ్రైవర్‌తో తలుపు గంట ఊడదీస్తోంది. కూతుర్ని చూసి, ఇంకో స్క్రూ తిప్పింది. తప్పయిందని చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. హలీనా కాఫీ పోసుకుని పైకెళ్ళిపోయింది. ఒక్క గంట ఊడదీస్తే తీరే కోపం కాదు ఆమెది.

క్లాసు మొదలైన కాసేపటికి కింద తలుపు కిర్రుమని తెరుచుకుంది, గంట మాత్రం మోగలేదు. ఇంటి నేల చెక్కది, కింద మాట్లాడే ప్రతి మాటా పైకి వినపడుతుంది.

"అమ్మా, అదెక్కడ? ఇవ్వాళ ఒక్కరోజుకి వీణ్ణి దానికిచ్చి..."

"క్లాసులో ఉంది. గొంతు తగ్గించు. ఏప్రాన్ అదిగో ఆ మేకుకుంది. వాణ్ణి వీపుకి కట్టుకుని పిండి తియ్యి, జనం వచ్చే వేళయింది."

"పడవ దగ్గర నాకోసం ఎదురుచూస్తుంటారమ్మా."

"చూడనీ."

ఇంతలో ఆస్కార్ ఏడుపు అందుకున్నాడు. గుక్కపట్టి మరీ ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు హలీనాకి బాగా తెలుసు. గుండెలకి నిలువుగా హత్తుకుని వెన్ను రాస్తే క్షణంలో ఊరుకుంటాడు. కాన్రాడ్‌కి ఆ సంగతి తెలియదు. ఊరికే ష్ ష్ అంటున్నాడు. హలీనా కుర్చీలోంచి సగం లేచింది.

తెర మీద మాస్టారు తరవాతి లెక్కకి వెళ్ళాడు. హలీనా కూర్చుని, పేజీ తిప్పి, పెన్సిల్ తీసుకుంది.