తాడుకు రెండో కొస

రంగులవీధిలో ఆకాశం ఎప్పుడూ ఆరేసిన గుడ్డల సందుల్లోంచే కనపడేది. ఎక్కడినుంచో వలస వచ్చి, సొంత మాట మరవకుండా, గుడ్డలకు రంగులద్ది బతికిన జాతి అక్కడిది. ఈ మేడకూ ఎదురు మేడకూ మధ్య తాడు. తడి గుడ్డ బరువు ఒకరి వల్ల కాదు. ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు ఉండాలి.

రంగులమ్మకూ ఎదురింటి ఆడబిడ్డకూ ఉప్పూ నిప్పూ. అయినా తెల్లారితే కేకలే.

"ఏమే మహారాణీ, లాగుతావా, పల్లకీ పంపనా?"

"నీ నోరు ఆరితే గుడ్డ దానంతటదే ఆరుతుందిలే, వదినా!"

తిట్టుకుంటూనే లాగేవాళ్లు. లాగుతూనే జ్వరాలూ పురుళ్లూ అడిగేవాళ్లు.

అలాంటి వీధి మీద నగర పెద్దలకు ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ జాతి గౌరవార్థం వీధిని తీర్చిదిద్దమని రంగులమ్మ కూతురికే అప్పగించారు. ఇంజనీరు పిల్ల మనసుపెట్టి చేసింది. కమాను కట్టించింది, గోడల నిండా బొమ్మలు వేయించింది. బొమ్మలకు అడ్డమని తాళ్లు కోయించి, గుడ్డలు ఆరేసేందుకు ఊరి చివర షెడ్డు వేయించింది.

గోడ మీద తాడు లాగుతున్న తన బొమ్మను రంగులమ్మ ఎగాదిగా చూసింది. "బాగుందే తల్లీ. మరి ఆ కొస ఎవరు పట్టుకున్నారు?"

కూతురు నవ్వేసింది.

ప్రారంభోత్సవం ఇంకా జరగనే లేదు. ఆడబిడ్డ వంటింట్లో జారిపడి, కాలు విరిగి, రాత్రంతా, మరునాటి పగలంతా నేలమీదే ఉండిపోయింది. చీకటి పడ్డాక, నెల డబ్బుల కోసం వచ్చిన పాలవాడు చూశాడు.

"ఎదురుగానే ఉంటివి కదమ్మా, అత్త సంగతి చూడలేదా?" కూతురు కేక వేసింది.

"తాడుంటే తెల్లారేసరికే తెలిసేది. లాగే చెయ్యి లేకపోతే మేడ దిగి పరిగెత్తేదాన్ని. తాడు లేదు, బాల్కనీలోకి ఎందుకొస్తానే?"

మర్నాడు కూతురే కొక్కేలు బిగించి, మళ్లీ తాళ్లు కట్టింది.

ప్రారంభోత్సవానికి కత్తెర పట్టుకొచ్చిన పెద్దమనిషి తెల్లచొక్కా మీద, పైన ఆరేసిన గుడ్డలోంచి నీలిరంగు టపటపా కారింది. "ఇదేంటమ్మా, బొమ్మలు కనపడట్లేదు!"

"మనుషులు కనపడుతున్నారుగా, సార్," అంది కూతురు.

మంచం మీదినుంచే, కట్టు కాలు చాపుకుని ఆడబిడ్డ కిటికీలోంచి తాడు అందుకుంది. "లాగు వదినా, చేతులు పడిపోయాయా?"

రంగులమ్మ కళ్లు తుడుచుకుని లాగింది.

అయ్యా, వీధులకు సోకులు చేసే పెద్దలారా! ఒక జాతిని గౌరవించాలంటే ముందు వాళ్ల చేతుల్లో తాడు తెంచకండి. గోడ మీది బొమ్మ జారిపడ్డ మనిషిని లేపదు.