పేరు గీకేసిన పాట

ఎవరాల్డ్ బిన్స్‌కి కోపం ముక్కు మీద ఉంటుందని షిప్‌యార్డులో అందరూ అనేవాళ్ళు. ముక్కు మీద ఉంటే ఎప్పుడో ఒక తుమ్ముతో పోయేది. అతని కోపం మంచం కింద నల్ల పెట్టెలో, తుప్పు పట్టని ఒక ట్రాంబోన్ బాకా పక్కన, ముప్పై ఏళ్ళుగా పడుకుని ఉంది. పెట్టె మీద దుమ్ము తుడవడానికి కూడా భార్య మెర్లీన్‌ని రానిచ్చేవాడు కాదు.

పందొమ్మిదివందల తొంభై నాలుగు వేసవిలో ఆ కోపాన్ని నిద్ర లేపింది కాలిఫోర్నియా లాంగ్‌బీచ్‌లో వాళ్ళ ఇంటి వెనక సందు. సందుకి అవతల ఒక గ్యారేజీ ఉంది. అందులో కారు ఉండాల్సిన చోట ఒక బ్యాండు దిగింది. వారమంతా ఓడల కింద నడుం వంచి వెల్డింగ్ చేసి వచ్చిన మనిషి శనివారం మధ్యాహ్నం కాస్త ప్రశాంతంగా సూప్ తాగుదామనుకుంటాడు. జమైకా వదిలి పాతికేళ్ళు దాటినా ఆ ఇంట్లో శనివారమంటే బీఫ్ సూపే. గుమ్మడికాయ కరిగి పిండి ఉండలు పైకి తేలే వేళకి సరిగ్గా ఆ గ్యారేజీ తలుపు లేచేది.

ఆ కుర్రాళ్ళ పద్ధతి చూస్తే ఎవరికైనా తిక్క రేగుతుంది. పాట జమైకా రెగేతో తాపీగా మొదలవుతుంది. పర్లేదే అని చెవి అటు పడేలోపు డ్రమ్ముల వాడికి పూనకం వస్తుంది, గిటార్లు పంక్ అంటూ పెడబొబ్బలు పెడతాయి. ఆ గోలలోంచి ఉన్నట్టుండి జమైకా వాళ్ళ పాత గెంతుల సంగీతం స్కా ఊడిపడుతుంది, అదీ తరుముకొస్తున్న కుక్కకి భయపడి పారిపోయేవాడి వేగంతో. పాడేవాడి పేరు కిప్ హ్యాడ్లీ. పలక మీద అలలెక్కడం తప్ప మరో పని చేసిన ఛాయలు లేని తెల్ల కుర్రాడు. వాడు మాట్లాడితే కాలిఫోర్నియా, పాడితే జమైకాలోని కింగ్‌స్టన్ యాస.

ఆ యాస విన్నప్పుడల్లా ఎవరాల్డ్‌కి అరికాలి మంట నెత్తికెక్కేది.

"మా అమ్మ మాట్లాడినట్టు మాట్లాడానని బడిలో నా అరచేతులు వాచేలా కొట్టారు మెర్లీన్. వీడు మాట్లాడితే చప్పట్లు కొడుతున్నారు. ఏం న్యాయమిది?"

"న్యాయం సంగతి తర్వాత చూద్దాం. సూప్ చల్లారిపోతోంది," అంది మెర్లీన్.

అతను లేచి కంచె దాకా వెళ్ళాడు. "ఏయ్! ఏంట్రా ఆ దరిద్రం?"

కిప్ మైకు పక్కనపెట్టి నవ్వుతూ వచ్చాడు. "సారీ పెద్దాయనా. మీకు రెగే ఇష్టమే అనుకున్నామే."

"నీకు గొడ్డుమాంసం ఇష్టమే కదా? ఆవొచ్చి నీ సోఫాలో కూర్చుంటే ఊరుకుంటావా?"

కిప్‌కి అది అర్థమైందో లేదో గానీ ఆ రోజుకి శబ్దం తగ్గించాడు. మరుసటి శనివారం మళ్ళీ మామూలే. ఎవరాల్డ్ మళ్ళీ అరిచాడు, వాళ్ళు మళ్ళీ సారీ చెప్పారు. జూన్, జూలై అలాగే గడిచాయి.

అయితే తిట్టాలన్నా వినాలి కదా. వింటూ వింటూ ఉండగా ఎవరాల్డ్‌కి నచ్చని సంగతి ఒకటి బయటపడింది. వాళ్ళ బేసు గిటారు వాడికి ఎక్కడ ఆగాలో తెలుసు. రెగేలో వాయించేది ఎవడైనా వాయిస్తాడు, వదిలెయ్యాల్సింది వదలడమే కష్టం. ఈ పిల్లాడు వదులుతున్నాడు. పంక్ గోలలో పడి మునిగిపోయినా, పైకి తేలేసరికి తాళం ఎక్కడ వదిలాడో అక్కడే పట్టుకుంటున్నాడు. మూడు సంగీతాలు ఒకే పాటలో కొట్టుకుంటున్నాయి తప్ప ఒకదాన్నొకటి చంపుకోవడం లేదు. ఇది ఒప్పుకోవడం కన్నా పన్ను పీకించుకోవడం నయమనిపించింది అతనికి.

"నీ కాలు," అంది మెర్లీన్ ఒక శనివారం.

"ఏమైంది నా కాలికి?"

"ఆడుతోంది."

"తిమ్మిరెక్కింది," అని కాలు బల్ల కిందికి లాక్కున్నాడు.

ఆగస్టు మొదటి శనివారం అతను చెంచా నోటి దాకా తెచ్చాడు. అవతల ఏదో కొత్త పాట. కాదు, కొత్తది కాదు. ట్రాంబోన్ ఒంటరిగా లేచింది, మూడు మెట్లెక్కింది, మలుపు తిరగబోయే చోట స్వరం పైకి వంకరపోయింది. అరక్షణం అక్కడే వేలాడి, సిగ్గుపడ్డట్టు సరైన చోటికి జారింది. చెంచా గిన్నెలో పడింది, సూప్ చొక్కా మీద చిందింది.

మెర్లీన్ పొయ్యి దగ్గర నిలబడిపోయింది. "ఎవరాల్డ్... అది..."

అతను అప్పటికే సందు దాటుతున్నాడు.

గ్యారేజీలో ట్రాంబోన్ పట్టుకున్నది ఇరవై ఏళ్ళ పిల్ల, పక్క వీధి ఆర్సే వాళ్ళమ్మాయి యోలీ. రెండు నెలలుగా అతను తిడుతున్నది కిప్‌ని మాత్రమే, ఈ పిల్ల ఉందని కూడా గమనించలేదు.

"ఎవరు నేర్పారు నీకు ఆ తప్పు?" అని గర్జించాడు.

యోలీ బెదిరింది. "తప్పేంటండీ? రికార్డులో అలాగే ఉంది."

"ఏ రికార్డు?"

ఆమె గ్రామఫోన్ మీంచి చిన్న రికార్డు తీసి ఇచ్చింది. పాత సామాన్ల సంతలో ఒక అట్టపెట్టె అడుగున దొరికిందట. మధ్యలో కాగితం ఉండాల్సిన చోట అన్నీ గీతలే, ఒక్క అక్షరం మిగల్లేదు.

"చిన్నపిల్లలెవరో పాడుచేశారు. అందుకే మేం దీన్ని గీతల పాట అంటాం," అంది యోలీ.

"చిన్నపిల్లలు కాదు!" ఎవరాల్డ్‌కి చిర్రెత్తుకొచ్చింది. ఏమీ తెలియకుండా వాయించేస్తున్నారు వీళ్ళు. "కింగ్‌స్టన్‌లో వీధి డాన్సులకి గోడంత స్పీకర్లు పెట్టేవాళ్ళుండేవారు. పక్క వీధి వాడి దగ్గర లేని పాట మన దగ్గరుంటే జనం మన దగ్గరికే వస్తారు. అందుకని పేరెవరూ చదవకుండా మేకుతో గీకేసేవాళ్ళు."

"అంటే, పాట బాగుంటేనే గీకేవాళ్ళా?"

"బాగాలేనిదాన్ని ఎవడు గీకుతాడు?"

అన్నాక అతని మాట అతనికే తగిలింది. చేతిలో రికార్డు వైపు చూశాడు. ఎవడో దీన్ని ఇంకొకడికి దక్కకూడదనుకున్నాడు. వదిలిపెట్టకుండా, మేకు కాగితం దాటి కింది నల్లటి రికార్డు దాకా దిగేలా గీకాడు. ఈ ముక్క అతనికి ముప్పై ఏళ్ళలో ఎవరూ చెప్పలేదు.

అరవై నాలుగులో అది వాయించినప్పుడు అతనికి ఇరవై ఆరేళ్ళు. ఎనిమిదిమంది ఒకే గదిలో, ఒకే మైకు చుట్టూ. ఒక్కసారే వాయించాలి, రెండోసారి లేదు. సరిగ్గా మలుపు దగ్గర బేసు వాయించే గ్లెన్‌రాయ్ అరడుగు వెనక్కి జరిగాడు. స్వరం కోసం ఎవరాల్డ్ ముందుకి చాచిన ట్రాంబోన్ గొట్టం వాడి వీపుకి తగిలి, వెళ్ళాల్సినదానికి రెండంగుళాల ముందే ఆగిపోయింది. రికార్డు తీయించిన పింక్నీకి సారాయి కొట్టు తప్ప సంగీతం తెలియదు, కానీ ఆ అపస్వరం మాత్రం తెలిసింది. "వాణ్ణి మళ్ళీ నా గేటు దగ్గరికి రానివ్వకండి," అన్నాడు. రికార్డు మీద పేరు కూడా తనదే వేసుకున్నాడు. మిగతా గేట్లూ ఒకటొకటిగా మూసుకున్నాయి. ఎవరాల్డ్ వెల్డింగ్ నేర్చుకున్నాడు.

"మీకీ పాట తెలుసా, మిస్టర్ బిన్స్?" అంది యోలీ.

ఒక్క మాట చాలు. "నాదే" అంటే చాలు. కానీ నాదే అంటే ఆ అపస్వరమూ నాదే అనాలి. ఈ పిల్లకాయల ముందు, ఆ కిప్ గాడి ముందు.

"విన్నాను ఎప్పుడో. ఇటివ్వు అది," అని ఆమె చేతిలోంచి ట్రాంబోన్ లాక్కున్నాడు.

మొదట గాలి, ఉమ్మి తప్ప ఏమీ రాలేదు. ముప్పై ఏళ్ళు ఊరుకున్న పెదాలు మరి. నాలుగోసారికి స్వరం పలికింది. మూడు మెట్లు, మలుపు, సరైన స్వరం, శుభ్రంగా. "ఇదీ ఉండాల్సింది. విన్నావా? ఇకనుంచి ఇలా వాయించు. వాయిస్తే సరిగ్గా వాయించు, లేకపోతే ముట్టుకోకు."

కిప్ తల గోక్కున్నాడు. "బాగుంది పెద్దాయనా. కానీ అసలు మేం ఆ పాట పట్టుకుందే ఆ ఒక్క చోటు కోసం."

"నోర్ముయ్!" అని ఎవరాల్డ్ ట్రాంబోన్ యోలీ చేతిలో పెట్టి వచ్చేశాడు.

ఇంటి దగ్గర మెర్లీన్ పొయ్యి ఆపేసి కూర్చుని ఉంది. ఆమె అరవదు. అందుకే ఆమెకి కోపమొస్తే ఎవరాల్డ్‌కి భయం.

"చెప్పావా నీదని?"

"లేదు."

"ఆ పాట పేరు ఏమిటి?"

"మెర్లీన్..."

"పాట పేరు అడిగాను."

"మెర్లీన్ నడక," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"నా పేరు పెట్టిన పాట. మన పెళ్ళికి ముందు వీధిలో నేను నడుస్తుంటే కుర్రాళ్ళు ఈలేసి పాడిన పాట. ముప్పై ఏళ్ళుగా నా ఇంట్లో ఒక్కసారి మోగనిచ్చావా? పింక్నీ ఒక గేటు మూశాడు, సరే. ఈ ఇంటి గేటు మూసింది ఎవరు? ఆ సారాయి కొట్టువాడి మాట నీకు వేదవాక్కయింది, నేను చెప్పింది గాలికి పోయింది. ఆ మలుపు దగ్గరే నాకు ఒళ్ళు ఝల్లుమనేదని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

వారమంతా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు.

తరువాతి శనివారం ఆర్సే వాళ్ళ పెరట్లో విందు. యోలీ అక్క కూతురికి జ్ఞానస్నానం. మధ్యాహ్నం ఎండలో మాంసం కాలుతోంది, బంధువులు, ఇరుగు పొరుగు, అలలెక్కే కుర్రాళ్ళు అంతా కలిసి వందమంది ఉంటారు. మెర్లీన్ పసుప్పచ్చ గౌను వేసుకుని ముందు వరసలో కుర్చీ లాక్కుంది. ఎవరాల్డ్ పక్కన కూర్చున్నాడు, రాకపోతే ఇంకో వారం గిన్నెల చప్పుడే కాబట్టి.

చెక్కలతో కట్టిన వేదిక మీద బ్యాండు నాలుగు పాటలు వాయించింది. ముసలమ్మలు రెగేకి ఊగారు, కుర్రాళ్ళు పంక్‌కి ఒకరినొకరు గుద్దుకున్నారు, స్కా వచ్చేసరికి అంతా కలిసి గెంతారు. ఎవరాల్డ్ కాలు ఆడింది. ఈసారి దాచలేదు.

అప్పుడు కిప్ మైకు అందుకున్నాడు. "ఇది గీతల పాట. ఎవరిదో ఎవరికీ తెలీదు. వాయించిన జమైకా వాళ్ళంతా ఈపాటికి పోయుంటారు. ఎక్కడున్నా వాళ్ళు చల్లగా ఉండాలి."

"విన్నావా, పోయావట," అంది మెర్లీన్ తల తిప్పకుండా. "రేపు నల్ల గౌను కొనుక్కోవాలి నేను."

ఎవరాల్డ్ పళ్ళు పటపటలాడాయి. పాట మొదలైంది. ట్రాంబోన్ లేచింది. మూడు మెట్లు. మెర్లీన్ కుర్చీ అంచుకి జరిగింది. మలుపు దగ్గర యోలీ గొట్టాన్ని పూర్తిగా చాచింది. స్వరం సరిగ్గా, శుభ్రంగా పలికి దాటిపోయింది.

ఏమీ జరగలేదు. జనం గెంతుతూనే ఉన్నారు. మెర్లీన్ మెల్లగా వెనక్కి వాలింది. ఆ ముఖం చూశాడు ఎవరాల్డ్. ముప్పై ఏళ్ళుగా ఏ స్వరం కోసం తనను తాను తిట్టుకున్నాడో ఆ స్వరం ఇదే, తీరా విన్నాక అందులో మెర్లీన్ లేదు, గ్లెన్‌రాయ్ వీపు లేదు, ఆ ఇరుకు గది లేదు, తను లేడు. పింక్నీ చెయ్యలేని పని తనే చేశాడు, ఈ పిల్లని బెదిరించి మరీ. ఒళ్ళు భగ్గున మండింది.

"ఆపండి!"

డ్రమ్ములు తడబడి ఆగాయి. అతను వేదిక ఎక్కాడు.

యోలీ ముఖం పాలిపోయింది. "మీరు చెప్పినట్టే వాయించాను కదా మిస్టర్ బిన్స్. వారమంతా అదే సాధన చేశాను."

"ఎవడు దిద్దమన్నాడు నిన్ను?"

"మీరే!"

"నేనే! వెధవ పని చేశాను!" కిప్ చేతిలోంచి మైకు లాక్కుని జనం వైపు తిరిగాడు. "ఈ పాట పేరు మెర్లీన్ నడక. ఆ పసుప్పచ్చ గౌను ఆవిడే మెర్లీన్. ఇది వాయించినవాడు ఎవరాల్డ్ బిన్స్. పోలేదు, ఇక్కడే ఏడ్చాడు. అందులో ఒక తప్పుంది. అది కూడా నాదే. పింక్నీది కాదు, ఎవడిదీ కాదు, నాది. దాన్ని ఇంకెవరైనా దిద్దారంటే కాళ్ళు విరగ్గొడతాను."

మైకు కిప్ చేతిలో పెట్టాడు. "యాస మానేసి నీ గొంతుతో పాడి చూడు ఒకసారి," అన్నాడు వాడితో. తర్వాత ఆనాటి గ్లెన్‌రాయ్‌లా యోలీకి మూడడుగుల ముందు, ఆమెకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"మిస్టర్ బిన్స్, అక్కడ నిలబడితే గొట్టం మీకు తగులుతుంది."

"తగలనీ," అన్నాడు. "మొదటినుంచి."

మూడు మెట్లు ఎక్కాక వెన్నులో చల్లటి ఇత్తడి ఠక్కున తగిలింది. స్వరం పైకి వంకరపోయింది. ముందు వరసలో మెర్లీన్ లేచి నిలబడింది.