పాఠాలకు వచ్చిన ఎలీషా

షీబా జీవితంలో మొదటిసారి విమానం ఎక్కి మనీలా దాకా వెళ్లింది. అక్కడి మిషనరీల శిక్షణ కేంద్రంలో తన ఈడు పిల్లలతో కొన్ని వారాలు గడిపింది. కొత్తవాళ్లతో మాట ఎలా కలపాలో, వాళ్ల చేత ప్రార్థన ఎలా చేయించాలో, విసుగొచ్చినా మొహంలో కనబడకుండా ఎలా ఉండాలో నేర్చుకుంది. మిగతా శిక్షణంతా ఒక సీనియర్ సిస్టరు వెంట ఊళ్లో తిరుగుతూ పూర్తి చేయాలి. అందుకు ఆమెను హైదరాబాదుకు వేశారు. ఈలోగా విజయనగరంలో ఉన్న ఒక సిస్టరు పచ్చకామెర్లతో ఇంటికి వెళ్లిపోయింది. తెలుగు వచ్చిన అమ్మాయిలు ఇంకెవరూ ఖాళీగా లేరు. బెంగుళూరు నుంచి మిషన్ పెద్దాయన ఫోన్ చేసి, మామూలుగా ఎవరినీ సొంత ప్రాంతానికి పంపం గానీ ఈసారి తప్పడం లేదని, ఇంటికి మాత్రం వెళ్లకూడదని చెప్పారు. షీబా సరేనంది. సముద్రం దాటి వెళ్లొచ్చిన పిల్ల చివరికి నెల్లిమర్లలోని తన ఇంటికి అరగంట బస్సు దూరంలో దిగింది.

అది రెండువేల పదహారు వేసవి. షీబా చేరిన మోర్మన్ సంఘం అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ. విజయనగరంలో ఆ సంఘమంటే ఐదారు కుటుంబాలు, గంటస్తంభం దగ్గర జిరాక్సు కొట్టు మీద అద్దెకు తీసుకున్న ఒక హాలు. షీబాకు శిక్షణ ఇచ్చే శ్రావణిది రాజమండ్రి. మిషన్‌లో పేర్లు పెట్టి పిలుచుకోరు, ఇంటిపేర్లే. కాబట్టి శ్రావణి సిస్టర్ కొల్లాబత్తుల, షీబా సిస్టర్ రేజేటి. నల్లటి బిళ్ల మీద తెల్లటి అక్షరాలతో ఆ పేరు రాసి జాకెట్టుకు పెట్టుకునేవాళ్లు. ఒకరిని విడిచి ఒకరు ఉండకూడదు. ఒకరు స్నానానికి వెళితే రెండోవాళ్లు ఆ ఇంట్లోనే ఉండాలి.

శ్రావణికి మిషన్ గడువు చివరికొచ్చింది. మనిషి బాగా అలిసిపోయి ఉంది. తెల్లవారి చదువుకునే వేళ పుస్తకం ఒళ్లో పెట్టుకుని గోడవైపు చూస్తూ ఉండిపోయేది. పిలవని ఇంటికి వెళ్లకూడదన్నది నియమం. పిలిచినవాళ్ల ఇళ్లకు ఎండలో నడిచి వెళితే తాళం వేసి ఉండేది. ఉన్నవాళ్లు టీ పెట్టేవారు. మేం టీ తాగమండీ అంటే మొహం ముడుచుకునేవారు. మజ్జిగ తాగుతామంటే, లేని మజ్జిగ కోసం పక్కింటికి పరిగెత్తేవారు. సాయంత్రానికి షీబా కాళ్లు ఉబ్బిపోయేవి. ఆ అలసటలో దేవుడు కూడా గుర్తుకు రావడం లేదని ఆమెకు భయం వేసేది. ఆ సంగతి శ్రావణితో అనేది కాదు.

ఇంటి సంగతి కూడా ఎవరితోనూ అనేది కాదు. తండ్రి ఎలీషా జూట్ మిల్లులో పనివాడు, నెల్లిమర్ల బాప్టిస్టు సంఘంలో పెద్ద. షీబా విశాఖపట్నంలో చదువుకుంటూ స్నేహితురాలి వెంట ఈ సంఘానికి వెళ్లడం మొదలుపెట్టింది. మిషనరీగా వెళతానని చెప్పిన రోజున ఆయన కేకలు వేయలేదు. సైకిలు తీసుకుని షిఫ్టుకు వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి కూతురితో మాట్లాడలేదు. ఆమె ప్రయాణమైన రోజున తల్లి రూతమ్మ ఒక్కతే స్టేషన్‌కు వచ్చింది. ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లే చేయాలి. వారానికోసారి ఈమెయిలు రాయొచ్చు గానీ, ఆ ఇంట్లో దాన్ని తెరిచి చూసేవాళ్లు లేరు.

సంఘంలో నరసింగరావు అని ఆర్టీసీ కండక్టరు ఉన్నాడు. నెల్లిమర్ల బస్సులో డ్యూటీ. ఒకనాడు ఆయన సంబరంగా వచ్చి, తన బస్సులో ఒక పెద్దాయన తారసపడ్డాడనీ, మీ సంఘంలో పాఠాలు చెబుతారట కదా, నాకూ చెప్పిస్తారా అని అడిగాడనీ చెప్పాడు. పేరు ఎలీషా అట. నెల్లిమర్లలో ఎలీషాలు చాలామంది ఉన్నారు. షీబా పెద్దగా పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున నరసింగరావు ఇంటికి వెళ్లేసరికి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నది ఆమె తండ్రే. రాత్రి షిఫ్టు నుంచి ఇంటికి కూడా వెళ్లకుండా వచ్చినట్టున్నాడు. జనపనార నూగు జుట్టులోనూ చెవుల మీదా ఇంకా ఉంది. వాళ్లను చూసి లేచి నిలబడి చేతులు జోడించాడు.

"నమస్కారమమ్మా," అన్నాడు.

కూతుర్నీ అమ్మా అంటారు, దారిన పోయే ఆడపిల్లనీ అమ్మా అంటారు. ఆయన అన్నది ఏ అమ్మో షీబాకు తెలుసు, పక్కనున్న శ్రావణికి తెలియదు. "నమస్కారమయ్యా," అంది షీబా. పుట్టినప్పటి నుంచి ఇంట్లో ఆయన్ని ఆమె పిలిచింది అయ్యా అనే. శ్రావణికి అది మర్యాదగా వినబడింది. ఈయన మా అయ్య అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఒక్క నిమిషం దాటేసరికి చెప్పడం కష్టమైపోయింది.

ఆడపిల్లలు ఒంటరి మగవాడికి పాఠం చెప్పకూడదు, ఇంకో ఆడమనిషి పక్కన ఉండాలి. అందుకని నరసింగరావు భార్య సుభద్రమ్మ చేటలో బియ్యం పోసుకుని, రాళ్లు ఏరుతూ గుమ్మంలో కూర్చుంది. కన్నతండ్రితో మాట్లాడటానికి షీబాకు కాపలా ఉన్నట్టయింది.

మొదటి పాఠం శ్రావణి చెప్పింది. అమెరికాలో ఒక కుర్రవాడికి అడవిలో కలిగిన దర్శనం, కొండలో దొరికిన బంగారు రేకులు, వాటిలోంచి వచ్చిన గ్రంథం. ఎలీషా తలాడిస్తూ విన్నాడు. మధ్యలో కళ్లు మూతలు పడ్డాయి. శ్రావణి ఆగితే ఉలిక్కిపడి, వింటూనే ఉన్నట్టు, సెప్పమ్మా ఇంతన్నాను అన్నాడు. బైబిలు వాక్యమంతా కంఠతా వచ్చిన మనిషి, ఆదివారం పాస్టరు తప్పు చదివితే సరిదిద్దే మనిషి, ఒక్క ప్రశ్న వేయలేదు. వెళ్లేటప్పుడు షీబా వైపు చూసి, "ఈ సిన్నమ్మగారు సిక్కిపోనారు. తిండి సరిగ్గా తింతన్నారో నేదో," అని శ్రావణితో అన్నాడు.

ఆ తరువాత వారం వారం వచ్చాడు. బుద్ధిగా చెప్పులు విడిచి, అదే కుర్చీలో కూర్చునేవాడు. ఊళ్లో కబుర్లు పాఠం మధ్యలో ఎవరికో చెబుతున్నట్టు చెప్పేవాడు. మా ఇంటిదానికి మోకాలి నొప్పి తగ్గిందమ్మా అనేవాడు. మా మేక ఈనిందనేవాడు. షీబా తల వంచుకుని వినేది. ఆ మాటల కోసం వారమంతా ఎండలో తిరిగే ఓపిక తెచ్చుకునేది.

శ్రావణి కూడా మారింది. ఇన్ని నెలల్లో ఆ ఊళ్లో ఆమె చెప్పింది చివరిదాకా విన్నవాళ్లు లేరు. ఎలీషా పేరు ప్రతి ప్రార్థనలో చెప్పేది. బెంగుళూరుకు ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతులో హుషారు వచ్చేది. ఒకరోజు చపాతీలు ఒత్తుతూ, తాను ఇంటికి వెళ్లేలోగా ఈయన బాప్తిస్మం చూస్తే చాలునంది. షీబా ఆమె చేతిలోంచి కర్ర తీసుకుని మిగతావి తాను ఒత్తింది.

నియమాల పాఠం వంతు షీబాది. టీ, కాఫీ, పొగాకు, సారా మానాలని చెప్పాలి. తండ్రి కళ్లలోకి చూడకుండా చెప్పింది. రాత్రి షిఫ్టులో ఆయన్ని నిలబెట్టేది టీ ఒక్కటేనని ఆమెకు తెలుసు. బీడీ అయితే ఎప్పుడో మానేశాడు. ఎలీషా, అలగేనమ్మా, మానీస్తాను అన్నాడు. మాటవరసకు అన్నాడని షీబా అనుకుంది. బాప్తిస్మానికి వచ్చే నెలలో ఒక శనివారం అనుకుందామా అని శ్రావణి అడిగితే, దానికీ సరేనన్నాడు.

తరువాతి వారం ఆయన ఎడమ చెయ్యి మెడలోంచి కట్టిన తువ్వాలులో పెట్టుకుని వచ్చాడు. మోచెయ్యంతా గీరుకుపోయి ఉంది. ఏమైందని సుభద్రమ్మ చేట దించి అడిగింది.

"ఏటీ నేదమ్మా. డ్యూటీ దిగి ఇంటికెల్తంటే సైకిల్ మీదే కునుకు పట్టీసింది. కాలవలో పడిపోనాను. టీ మానీసాను గదా, తెల్లారేసరికి కళ్లు నిలవట్నేదు."

శ్రావణి కళ్లు చెమర్చాయి. మాట మీద నిలబడ్డారని మెచ్చుకుని, మీ విశ్వాసానికి దేవుడు బలం ఇస్తాడని అంది. అది విని షీబా కుర్చీలోంచి లేచింది. వెళ్లి తండ్రి ముందు నేల మీద కూర్చుని, తువ్వాలు విప్పి చెయ్యి చూసింది. మట్టి ఇంకా పూర్తిగా పోలేదు.

"అయ్యా, నిజం సెప్పు. ఈ పాఠాల్లో ఒక్క ముక్కయినా నువ్వు నమ్మినావేటి?"

ఎలీషా శ్రావణి వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు.

"ఆ బంగారు రేకుల సంగతి నా తలకెక్కనేదమ్మా. నువ్వు సెప్తంటే ఇంతన్నాను. మీ అమ్మ రోజూ అడుగుతాది, పిల్ల ఎలగున్నాదని. నువ్వీ ఊళ్లో ఉన్నావని బస్సులో కండక్టరు మాటల్లో తెలిసింది. ఇంటికి రాకూడదంట, ఫోన్ సెయ్యకూడదంట. మరెలగ సూడాలి నిన్ను?"

"మరి బాప్తిస్మానికి ఒప్పుకున్నావు కదా?"

"ముంచితే మునుగుతాను. నేనేటి పంచదారనా, కరిగిపోడానికి?"

"వద్దు," అంది షీబా. "నా కోసం నీళ్లల్లో దిగొద్దు. నీ నమ్మకం నీది. ఇయాలే టీ తాగు."

సుభద్రమ్మ ఎవరూ చెప్పకుండానే లేచి లోపలికి వెళ్లింది. తమ ఇంట్లో టీపొడి ఉండదు కాబట్టి ఎదురింటికి వెళ్లి గ్లాసుతో తీసుకొచ్చింది. ఎలీషా ఆ గ్లాసు పట్టుకుని, శ్రావణి ముందు తాగడానికి మొహమాటపడి, గోడవైపు తిరిగి తాగాడు.

ఆయన గ్లాసు దించాక శ్రావణి మెల్లగా చెప్పింది. "మీరు ఇంక పాఠాలకి రావద్దండి. మీకూ మంచిది కాదు, మాకూ కాదు. ఆదివారం సభకైతే ఎవరైనా రావచ్చండి. కూతుర్ని చూసుకోవద్దని ఎవరూ అనరు."

గదికి తిరిగి వెళ్లి తలుపు వేశాక షీబా తప్పంతా తనదేనంది. శ్రావణి బూట్లు కూడా విప్పకుండా మంచం మీద వాలిపోయింది. మధ్యాహ్నం పడుకోవడం నియమానికి విరుద్ధం. ఆమె అన్ని నెలల్లో ఎన్నడూ ఆ పని చేయలేదు. "ఆయన ఒక్కరే విన్నారు అనుకున్నాను, సిస్టర్ రేజేటి," అంది కళ్లు మూసుకుని. "ఆయన కూడా మీ కోసమే వచ్చారు." షీబా వంగి ఆమె బూట్ల లేసులు విప్పింది. ఫ్యాను శ్రావణి వైపు తిప్పి, వెళ్లాల్సిన ఇంటికి రాలేమని ఫోన్ చేసింది. సాయంత్రం శ్రావణే బెంగుళూరుకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. పెద్దాయన కోప్పడలేదు. షీబా శిక్షణ ఎలాగూ ముగుస్తోందనీ, ఆమెను కోయంబత్తూరు వేస్తున్నాననీ చెప్పారు.

ఆదివారం ఎలీషాకు తన సంఘం ఉంది. అక్కడ కానుకలు పట్టేది ఆయనే, పాట ఎత్తేది ఆయనే. రెండు ఆదివారాలు రాలేదు. షీబా మెట్లవైపు చూడటం మానలేకపోయింది. విజయనగరంలో ఆమెకు చివరిదైన ఆదివారం నాడు సభ సగం అయ్యాక వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చెయ్యి నయమైంది. ప్రార్థనకు అందరూ తలలు వంచినప్పుడు ఆయనా వంచాడు. మళ్లీ ఎత్తలేదు. నిద్రపోయాడు.

సభ ముగిసి అందరూ వెళ్లిపోయారు. శ్రావణి కుర్చీలు ఒకదాని మీద ఒకటి చప్పుడు కాకుండా పేరుస్తూ, ఆ వరస ఒక్కటీ వదిలేసింది. షీబా వెళ్లి తండ్రి పక్క కుర్చీలో కూర్చుంది. లేపలేదు. తనకూ కళ్లు మూతలు పడుతున్నాయి.

కాసేపటికి ఆయనే మేలుకున్నాడు. మంగళవారం కోయంబత్తూరు వెళుతున్నానని ఆమె చెప్పింది.

"అక్కడేటి మాటాడతారు?"

"తమిళం."

"నీకొచ్చా?"

"రాదు. నేర్సుకోవాలి."

"అంటే మళ్లీ మొదట్నించేనన్నమాట," అన్నాడు ఎలీషా. కూతురి మొహం కాసేపు చూశాడు. పోనీ ఇంటికి వచ్చీ అంటాడేమోనని ఆమె భయపడింది, అంటే బాగుండునని కూడా అనుకుంది. ఆయన అనలేదు. "మీ అమ్మతో సెప్తాను. బాగానే ఉన్నాదని సెప్తాను," అని లేచాడు.

శ్రావణి హాలుకు తాళం వేసింది. ముగ్గురూ మెట్లు దిగారు. ఎలీషా బస్సు కాంప్లెక్సు వైపు వెళ్లే ఆటో ఎక్కాడు. షీబా వాళ్లకు మధ్యాహ్నం ఒక ఇంటికి వెళ్లాల్సి ఉంది. సిస్టర్లిద్దరూ గొడుగు విప్పి, ఆటో వెళ్లిన వైపు కాకుండా రెండోవైపు నడిచారు.