తప్పు చెప్పిన కంప్యూటరు

ఇరవై ఆరేళ్లొచ్చినా ఇంట్లో అందరికీ వాడు చంటిగాడే. ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అన్నారా? వీడు ఊరుకోడే! కంప్యూటరు ముసలిదైపోయింది, కొత్తది ఇప్పట్లో కొనలేమని వదిన నిట్టూర్చడమే పాపం, దాని ప్రాసెసర్‌ని కంపెనీవాళ్లు పెట్టిన వేగం కన్నా పైకి తోసి, వోల్టేజీ కూడా కాస్త ఎక్కించాడు. కాసేపు గేమ్ ఆడి చూశాడు. కంప్యూటరు ఎక్కడా ఆగిపోలేదు. ఇంక ఢోకా లేదని తేల్చేశాడు. వదిన ఇళ్లకు దూలాలు, స్లాబులు లెక్కగట్టే ఇంజనీరు. "ఏం చేశావురా చంటీ, గుర్రంలా పరిగెడుతోంది!" అని మురిసిపోయింది. వీడు కాలరెగరేశాడు గానీ ఏం చేశాడో చెప్పలేదు.

ఆ ఉదయం వదిన స్నానానికి వెళ్లినప్పుడు స్క్రీను ఉన్నట్టుండి నీలంగా మారి, కంప్యూటరు దానంతటదే మళ్లీ మొదలైంది. వేడెక్కిందేమోనని చూశాడు, లేదు. మొదటే పెట్టాల్సిన పరీక్ష పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. అదొక ప్రోగ్రాం. ఒకే లెక్కను పదేపదే చేయించి, వచ్చిన జవాబును సరైన జవాబుతో పోలుస్తుంది. నడిపాడు. కాసేపటికి ఎర్రటి అక్షరాలొచ్చాయి: జవాబు తప్పు. వేగం ఒక మెట్టు దించాడు. ఇంకాస్త సేపు నిలిచి, మళ్లీ తప్పు. ఇంకో మెట్టు దించినా తప్పే. పూర్తిగా పాత వేగానికి తెచ్చాక గానీ సరైన జవాబు రాలేదు.

ఆగిపోయిన యంత్రమైతే కంటికి కనపడుతుంది. ఇది ఆగకుండా, తొణక్కుండా తప్పుడు అంకెలు చెప్పింది. వారంగా వదిన ఒక కొత్త ఇంటి లెక్కలన్నీ దీనిమీదే చేసింది. తొందర పని కావడంతో, ఎప్పట్లా చేత్తో సరిచూసుకునే తీరిక కూడా లేకపోయింది. ఆ ఇంటికి ఇవాళే స్లాబు పోస్తున్నారు.

చెబితే తంతుంది. చెప్పకపోతే ఆ ఇంట్లోవాళ్లు చస్తారు. తల తుడుచుకుంటూ వచ్చిన వదినకు గుండె చిక్కబట్టుకుని ఒక్క గుక్కలో చెప్పేశాడు.

ఆవిడ తిట్టలేదు. దాంతో వాడికి ఇంకా భయమేసింది. ఫోనందుకుని మేస్త్రిని పిలిచింది.

"పోత ఆపేయండి మేస్త్రిగారూ."

"అదేంటమ్మా, కాంక్రీటు బండి వచ్చి నిలబడితేనూ!"

"నిలబడనివ్వండి. నేను చెప్పేదాకా ఒక్క తట్ట కూడా పొయ్యొద్దు."

పాత వేగంలో అదే లెక్క మళ్లీ పెట్టారు. నత్తనడక. చంటి తెలిసిన దేవుళ్లందర్నీ తలుచుకున్నాడు. చివరికి అంకెలొచ్చాయి. వదిన పాత కాగితం మీద వేలు పెట్టి ఒక్కో వరుసా పోల్చుకుంటూ పోయి, ఒకచోట ఆగింది. ఒక దూలానికి ఐదు ఇనప కమ్మీలు కావాలి. కాగితంలో మూడే ఉన్నాయి. మేస్త్రికి మళ్లీ ఫోన్ చేసి ఇంకో రెండు కట్టించమంది. "బతికించావు తల్లీ!" అన్నాడాయన.

చంటికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "గండం గడిచింది కదా వదినా," అన్నాడు.

"వేగం పెంచడం ఇదే మొదటిసారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "వానాకాలంలో ఒకసారి పెంచాను. ఫ్యాను మోత ఎక్కువైందని నాలుగు రోజులకే దించేశాను."

వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అప్పుడు బయటివాళ్ల లెక్కలన్నీ చేత్తో సరిచూశానురా. మన ఇల్లే కదా అని ఒక్కటే చూడలేదు. ఆ లెక్కతో కట్టించిన మన బాల్కనీ."

ఇద్దరూ పరుగున మెట్లెక్కారు. బాల్కనీ చివర అమ్మ తడి దుప్పట్ల బకెట్టు పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. గడప అవతల, నేలమీద అడ్డంగా వెంట్రుకంత బీట. నిన్న ఉందో లేదో వాడికి తెలియదు.

"అమ్మా, లోపలికి రా."

"ఉండరా, ఇంకో రెండున్నాయి. అక్కడ నిలబడి అరిచే బదులు వచ్చి ఓ చెయ్యి వెయ్యకూడదూ?"

చంటి కాలు గడప దాకా వెళ్లింది. వదిన వెనకనుంచి వాడి చొక్కా గుప్పెట పట్టేసింది. వాడి బరువు కూడా పడితే? కన్నతల్లి మూడడుగుల దూరంలో ఉంది, వెళ్లి పట్టుకురావడానికి లేదు. గడప ఇవతలే నిలబడి చెయ్యి చాపాడు.

"దుప్పట్లు వదిలెయ్యమ్మా. మెల్లగా నా వైపు రా."

"ఏంట్రా ఆ మొహం?" అంటూ అమ్మ చేతిలో దుప్పటి వదిలేసి, ఒక అడుగు వేసింది.