పాట ఎత్తుకునేవాళ్లు లేని రోజు

మా ప్రార్థన మందిరంలో ప్రసంగించే ఆడవాళ్లకు ఒక ధైర్యం ఉంది. మాట తడబడి ఆగిపోతే, కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు టక్కున పాట ఎత్తుకుంటారు. అందరూ అందుకుంటారు. పాట అయ్యేలోగా ఆమె ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెడుతుంది. ఆ ఎత్తుకునేది ఎప్పుడూ నేనే. నా గొంతు మా ఊరి పక్కనున్న మలావీ సరస్సు మీద పడవలవాళ్లకు కూడా వినిపిస్తుంది. ప్రసంగం మాత్రం నా వల్ల కాదు. నలుగురి ముందు నిలబడితే నా పేరే నాకు గుర్తుండదు.

మా ఆడపడుచు ఎనెలేసి ఒక్కగానొక్క కొడుకు టివోంగే చేపల వేటకు వెళ్లి ఆ సరస్సులోనే మునిగిపోయాడు. శవాన్ని ఇంటికి తెచ్చినప్పటినుంచీ ఆమె ఏడవలేదు, నోరు విప్పలేదు, మంచినీళ్లు ముట్టలేదు. శవం పక్కన చాప మీద గోడవైపు చూస్తూ కూర్చుంది. వెనకటికి మా ఊళ్లో ఒకామె ఇలాగే కూర్చుని కూర్చుని కొడుకు వెనకే పోయింది. అందుకే మాకందరికీ భయం పట్టుకుంది.

అలాంటివాళ్లను కదిలించే మాటలు మా స్త్రీల సమాజం పెద్ద న్యామ్సిస్కా దగ్గరుంటాయి. సమయానికి ఆమెకు జలుబు చేసి గొంతు పోయింది. నన్ను వాకిట్లోకి లాగి గుసగుసగా అంది.

"నువ్వు చెప్పవే, న్యాగోండ్వే."

"నేనా? మతిపోయిందా అక్కా? పాడటం తప్ప నాకేమొచ్చు?"

"మొగుణ్ని తిట్టేటప్పుడు ఒక్క మాటైనా తడుముకున్నావా?"

"ఆయన్ని తిట్టడానికి బైబిలు వాక్యం అక్కర్లేదుగా!"

"చాల్లే, పద. లేచి నిలబడటం నీ వంతు. మిగతాది దేవుడు చూసుకుంటాడు."

తలగుడ్డ సర్దుకుంటూ ప్రార్థించాను. తండ్రీ, నేను ఉత్త దద్దమ్మనని నీకు తెలుసు, ఎనెలేసి నాకు ప్రాణమనీ తెలుసు, నాకు మాటలియ్యి అన్నాను. లోపలికి వెళ్లి నిలబడ్డాను. ఇల్లంతా ఆడవాళ్లు, చాపల మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు.

"ఎనెలేసీ, మన టివోంగే..." అన్నాను. అంతే. పసివాడిగా నా వీపున కట్టుకుని తిప్పిన పిల్లాడు కళ్లముందు కదిలాడు. చెప్పాలనుకున్నదంతా ఎగిరిపోయింది.

ఎవరైనా పాట ఎత్తుకుంటారేమోనని చూశాను. అందరూ నావంకే చూస్తున్నారు. ఇన్నేళ్లూ ఎత్తుకున్నదాన్ని నేనే కదా, ఇప్పుడూ నేనే ఎత్తుకుంటానని వాళ్ల ధీమా! న్యామ్సిస్కా నోరైతే తెరిచింది కానీ గాలి తప్ప ఏమీ రాలేదు. దేవుడు నన్ను నట్టేట్లో వదిలేశాడనుకున్నాను.

అప్పుడు చాప మీదనుంచి బొంగురు గొంతు ఒకటి లేచింది.

"నీళ్లు లోతు తండ్రీ, చెయ్యి పట్టుకో..."

ఎనెలేసి! రెండో చరణానికి గొంతు పగిలి ఏడుపు తన్నుకొచ్చింది. మేం పాడుతూనే ఆమెను ఒళ్లోకి తీసుకున్నాం. ఇల్లంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సంతోషంతోనో దుఃఖంతోనో ఇప్పటికీ చెప్పలేను.

సాయంత్రం సమాధి దగ్గరనుంచి వచ్చాక గంజి పట్టుకెళ్తే ఎనెలేసి నాలుగు గుక్కలు తాగింది.

"పాట ఎలా వచ్చిందే నీకు?" అని అడిగాను.

"ఏం చెయ్యను వదినా? అంతమందిలో నువ్వలా నోరు తెరుచుకుని నిలబడిపోతే నీ అవస్థ చూడలేకపోయాను. నీకంటూ పాట ఎత్తుకునేవాళ్లు ఎవరున్నారు?"

నేను మంచిగా మాట్లాడి ఉంటే ఆమె గోడవైపే చూస్తూ ఉండేది. అడిగిన మాటలు నాకు ఇవ్వనందుకు ఆ రాత్రి మోకాళ్లమీద పడి దేవుడికి వందనాలు చెప్పుకున్నాను. ఈరోజుకీ చెప్పుకుంటూనే ఉన్నాను.