సీపీయూ మీద రెండు సంతకాలు

జగన్నాథరావు ఇంట్లో కంప్యూటరుకు సీలు వేశాడు. నవ్వొచ్చే మాటే గానీ నిజం. సీపీయూ డబ్బా రేకులు కలిసేచోట తెల్లకాగితం పట్టీ అంటించి, సగం ఇటూ సగం అటూ పడేలా సంతకం గీకి, కింద తేదీ వేశాడు. ఆఫీసులో రికార్డు గది బీరువాలకు ఇరవై ఆరేళ్లుగా ఆయన చేస్తున్న పని అదే. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి కిషన్‌బాగ్‌లో కాపురం పెట్టి పదిహేనేళ్లయింది. ఈ ఊళ్లో ఎవరినీ నమ్మకూడదన్న తీర్మానం మాత్రం మొదటి వారంలోనే చేసేసుకున్నాడు.

ముందుగా అనుమానించింది పాలను. ఎల్లయ్య పోసే పాలలో రోజూ పొద్దున్నే గాజుగొట్టం ముంచి చిక్కదనం కొలిచేవాడు. పన్నెండేళ్లలో ఒక్కనాడూ నీళ్లు పట్టుబడలేదు. పట్టుబడలేదు గనక ఎల్లయ్య మహా నేర్పుగా కలుపుతున్నాడని తేల్చుకున్నాడు. ఆ ఎల్లయ్య కొడుకే గోవర్ధన్. అఫ్జల్‌గంజ్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి. జగన్నాథరావు ఇంట్లో కంప్యూటరు బిగించింది కూడా అతనే. పాలవాడి కొడుకు కదా అని పిలిచి పని చెప్పడమూ, పాలవాడి కొడుకే కదా అని అనుమానించడమూ ఆయనకు ఒకేసారి సాధ్యమయ్యాయి.

పైగా గోవర్ధన్ ఎంత మర్యాదగా మాట్లాడినా మధ్యలో 'నువ్వు' అనేస్తాడు. ఇక్కడి మాట తీరే అంత అని భార్య రాజరాజేశ్వరి ఎన్నిసార్లు చెప్పినా, ఆ 'నువ్వు' విన్నప్పుడల్లా జగన్నాథరావుకు ఒళ్లు మండేది.

కిందటేడు మార్చిలో కంప్యూటరు మొరాయిస్తే గోవర్ధన్ వచ్చి బాగుచేసి వెళ్లాడు. ఆ వేళ జగన్నాథరావు ఆఫీసులో ఉన్నాడు. సాయంత్రం రాజరాజేశ్వరి కాఫీ ఇస్తూ, "డి డ్రైవులో ఏదో పెట్టాడటండీ. దాని జోలికి పోవద్దని చెప్పమన్నాడు" అంది.

ఆ ఒక్కమాట చాలు. రాత్రి భోజనం కూడా సరిగా సహించలేదు. మన ఇంట్లో, మన కంప్యూటర్లో, మనల్ని ముట్టుకోవద్దంటాడా? తెరిచి చూస్తే విన్98 అని ఒక ఫోల్డరు. లోపల నోరు తిరగని పేర్లతో బారెడు ఫైళ్లు. వాటిలో ఏదో ఒకటి ఇంటి సంగతులు బయటికి మోస్తుందని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. చెరిపేద్దామని వేలు పెట్టి ఆగాడు. రికార్డును నాశనం చేయడం ఆయన చేతికి అలవాటు లేదు. అందుకని దాన్ని స్వాధీనం చేసుకుని, ఆఫీస్ అనే ఫోల్డరులో పెండింగ్, పెండింగ్‌లో డౌట్ అని గదిలో గది కట్టి, ఆ లోపల దాచాడు. మర్నాడే డబ్బాకు సీలు వేశాడు.

ఏడాది గడిచింది. రెండువేల మూడు ఏప్రిల్‌లో ఓ ఆదివారం పొద్దున కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చింది. ఐదోసారి మీట నొక్కితే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు తప్ప ఏమీ రాలేదు.

రాజరాజేశ్వరి ముఖం పాలిపోయింది. ఆమె తల్లి పెళ్లిళ్లలో పాటలు పాడేది. వియ్యపురాలిని ఆటపట్టించేవి, తలంబ్రాలవి, అప్పగింతలవి, నలభై ఏడు పాటలు. అవి ఏ పుస్తకంలోనూ లేవు. ఆవిడ చివరి ఆరునెలలూ ఈ ఇంట్లోనే మంచం మీద ఉండి ఒక్కొక్కటే చెబుతుంటే, ఈమె తెలుగు టైపు నేర్చుకుని ఒక్కొక్క అక్షరమే నొక్కింది. ఆవిడ పోయి నాలుగు నెలలు. ఇప్పుడు రాజరాజేశ్వరి అన్నగారి కూతురి పెళ్లి. సోమవారం సాయంత్రం బండి. అమ్మ లేని మొదటి పెళ్లిలో అమ్మ పాటలైనా ఉండాలని ఆమె పట్టుదల. ఆదివారమే అచ్చు తీసుకోవాలనుకుంది.

"గోవర్ధన్‌ని పిలవండి," అంది. వేరే దారి లేక జగన్నాథరావు ఫోను చేశాడు.

గోవర్ధన్ వస్తూనే సీలు చూసి ఆగిపోయాడు. "ఇదేంది సార్, గిట్ల అంటించినవ్?"

"దుమ్ము పోకుండా," అన్నాడు జగన్నాథరావు.

గోవర్ధన్ సంతకం వంక చూశాడు, తేదీ వంక చూశాడు, పట్టీ చింపి డబ్బా విప్పాడు. సీడీ పెట్టే అర పాడైంది. ఫ్లాపీ ఒకటి దూర్చి, నల్లతెర మీద ఏవో కొట్టి, కాసేపటికి తల తిప్పాడు.

"ఫికర్ చెయ్యకు అమ్మా, నీ పాటలు పైలంగనే ఉన్నయ్. ఖరాబైంది విండోసే. పాతదాని మీదనే మల్ల ఎక్కిస్తే తెలుగు అక్షరాలు గూడ ఎట్లున్నయో గట్లనే వస్తయ్. గంట పని."

"మరి సీడీలో? నువ్వు మాకసలు సీడీలే ఇవ్వలేదు," అన్నాడు జగన్నాథరావు. రెండేళ్లుగా కడుపులో దాచుకున్న మాట అది.

"సీడీ ఎందుకు సార్? అందుకేగద పోయినేడు విండోస్ సీడీ మొత్తం డి డ్రైవ్‌ల కాపీ కొట్టి పెట్టిన. గీ సీడీ డ్రైవ్ ఎన్నడో దోకా ఇస్తదని నాకు ఎర్కే. అమ్మకు చెప్పిపోయిన గూడ, జోలికి పోవద్దని."

జగన్నాథరావుకు తను దాచిన ఫోల్డరు గుర్తొచ్చింది. గోవర్ధన్ మీటలు కొట్టాడు. తెర మీద పేర్ల వరుస పైకి పాకింది. మళ్లీ కొట్టాడు.

"ఎటు వాయె?" అన్నాడు. "ఈడనే పెట్టిన. ఎవలన్న తీసిన్రా?"

ఇది నిజమా, నాటకమా? దాచిన సంగతి నా నోటితో చెప్పించాలని వల వేస్తున్నాడా? పదిహేనేళ్ల అలవాటు జగన్నాథరావు చెవిలో అదే గొణిగింది.

"లేదంటే హార్డ్ డిస్క్ ఇప్పి దుకాణంకు కొంచవోవాలె," అన్నాడు గోవర్ధన్. "ఇయ్యాల ఆదివారం, బంద్ ఉన్నది. మంగళవారం ఇస్త."

అదిగో, బయటికి తీసుకెళతానంటున్నాడు! అక్కడ మన డిస్కు ఉంచుకుని పాతది పెట్టి పంపిస్తాడు. జగన్నాథరావు వద్దనబోయాడు. అప్పుడు భార్య కళ్లు కనిపించాయి. ఆమె గోవర్ధన్‌ని చూడటం లేదు, తననే చూస్తోంది. ఆ చూపు ఆయనకు బాగా తెలుసు. పాలగిన్నెలో గాజుగొట్టం ముంచేటప్పుడు తను ఎల్లయ్యను చూసేది సరిగ్గా అలాగే. ఆయనకు సిగ్గేసింది.

"మంగళవారం దాకా ఎందుకూ," అన్నాడు. "ఆఫీస్ అని ఉంటుంది చూడు. అందులో పెండింగ్. అందులో... డౌట్."

గోవర్ధన్ ఒక్కొక్క తలుపే తీసుకుంటూ వెళ్లాడు. చివరి గదిలో రెండే ఉన్నాయి. ఒకటి విన్98. రెండోది ఒక చిన్న ఫైలు. నల్లతెర మీద పేరు సగం తెగిపోయినా, అది ఎవరి పేరో గోవర్ధన్‌కు తెలియకుండా ఉంటుందా?

"నా పేరున్నది, ఏంది సార్ ఇది?"

"అదేం లేదు, పనికిరానిది..."

అప్పటికే మీట పడింది. ఇంగ్లీషులో, అన్నీ పెద్దక్షరాల్లో, ఆఫీసు నోటు మాదిరిగా తెర నిండా పరుచుకుంది. శ్రీ జి. గోవర్ధన్, పాలవాడు ఎల్లయ్య కుమారుడు. నలభై నిమిషాలు గదిలో ఒంటరిగా ఉన్నట్టు భార్య వలన తెలిసినది. బీరువా వైపు రెండుసార్లు చూసెను. టీ సగము వదిలివేసెను, కారణము తెలియదు. డి డ్రైవులో అనుమానాస్పద వస్తువు అమర్చెను.

రాజరాజేశ్వరికి ఇంగ్లీషు వచ్చు. ఆమె చదివింది. "నేను మాటవరసకు చెప్పినవన్నీ కూర్చుని రాసుకున్నారా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గోవర్ధన్ చివరి వరుస దాకా చదివాడు. కోపగించుకుంటాడనుకున్నాడు జగన్నాథరావు. కోపగించుకుంటే బాగుండునని కూడా అనుకున్నాడు.

"బీరువకు అద్దం ఉన్నది సార్," అన్నాడు గోవర్ధన్ మెల్లగా. "తల దువ్వుకున్న. టీల మీగడ ఒచ్చింది. పాలోల్ల ఇంట్ల పుట్టిన గని నాకు మీగడ సయించది. నన్ను అడిగితే అప్పుడే చెప్తుంటి."

అంతే. మళ్లీ తెర వైపు తిరిగి, సెటప్ నడిపించాడు. ఫైళ్లు ఒక్కొక్కటే లెక్కబెట్టుకుంటూ ఎక్కుతుంటే ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. రాజరాజేశ్వరి లేచి టీ పెట్టి, ఎవరూ అడగకుండానే వడగట్టి, మీగడంతా టీ జల్లెడలోనే ఆగిందని చూపించి మరీ పోసింది. గోవర్ధన్ గ్లాసు ఖాళీ చేశాడు.

మధ్యాహ్నం రెండింటికి అప్పగింతల పాట తెర మీద తెలుగులో విచ్చుకుంది. రాజరాజేశ్వరి మొదటి చరణం పైకి చదవబోయి చదవలేక ఏడ్చింది. పక్కనున్న ప్రింటరులో నలభై ఏడూ అచ్చయ్యాయి.

గోవర్ధన్ డబ్బా బిగించి, మరలు విప్పే సామానంతా సంచిలో వేసుకున్నాడు. లేవలేదు.

"సార్, జిగురు సీస, కాయితం తెస్తవా?"

"ఇంకెందుకయ్యా," అన్నాడు జగన్నాథరావు తలవంచుకుని. "ఇంక సీలు వద్దులే."

"వద్దంటే ఎట్ల? తే సార్."

తెచ్చాడు. గోవర్ధన్ పట్టీ కత్తిరించి, జిగురు రాసి, పాత మరక మీదే నీటుగా అంటించాడు. "పెట్టు సార్, దస్కత్."

జగన్నాథరావు సంతకం పెట్టాడు. గోవర్ధన్ ఆ పెన్ను అందుకుని, పక్కనే తన సంతకం కూడా, సగం ఇటూ సగం అటూ పడేలా గీశాడు. తేదీ వేశాడు.

"నీది ఒక్కటే ఉంటే నడ్వది సార్. నేను పెట్టిన సామాను పెట్టినకాడ ఉన్నదా, ఎవలన్న కదిపిన్రా, మల్ల వచ్చినప్పుడు నాగ్గూడ తెల్వాలె గద."

సంచి భుజానికి తగిలించుకుని, "పోయొస్త అమ్మా" అని రాజరాజేశ్వరికి మాత్రమే చెప్పి మెట్లు దిగి వెళ్లాడు.

మర్నాడు పొద్దున ఎల్లయ్య పాలు పోసి వెళ్లాడు. గాజుగొట్టం అరుగు మీద ఎప్పటి చోటే ఉంది. జగన్నాథరావు దాన్ని ముట్టుకోకుండా గిన్నె తీసుకుని లోపలికి వచ్చాడు. వస్తూ ఓసారి సీలు వంక చూశాడు. జిగురు ఆరి, రెండు సంతకాలూ స్పష్టంగా కనిపిస్తున్నాయి.